ఇరవై చింతగింజలు, రెండు రాజులు

మార్చిలో కొత్త చింతపండు కొని గింజలు తీస్తే మా ఇంట్లో ఒక పెద్ద డబ్బా నిండుతుంది. నల్లకుంటలో మా డాబా మీద ఆదివారం రాత్రుళ్లు ఆడే పోకర్‌కి చిప్స్ అవే. డబ్బు పెట్టం, పెట్టకూడదు కూడా. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే, కానీ 2017లో తెలంగాణ చట్టం మార్చాక నేర్పు ఉన్న ఆటైనా సరే ఇక్కడ డబ్బు పెట్టి ఆడితే నేరం. గింజలతో ఆడినా టెన్షన్ అంతే ఉంటుంది, లెక్కలూ అవే.

మొన్నటి ఆట చెప్తాను. ఆరుగురం కూర్చున్నాం. బ్లైండ్లు 1, 2. అంటే ముక్కలు చూడకముందే ఒకరు ఒక గింజ, పక్కవాళ్లు రెండు గింజలు పెట్టాలి. మా బావమరిది దగ్గర మిగిలినవి సరిగ్గా 20, పెద్ద బ్లైండుకి పది రెట్లు. దీన్నే షార్ట్ స్టాక్ అంటారు. ఒక్కొక్కరి చేతికి పంచేది రెండే ముక్కలు, వాడికి రెండు రాజులొచ్చాయి. పేకలో రెండేసి ముక్కల జతలు 1,326 ఉంటే వాటిలో రెండు రాజులు వచ్చేవి ఆరే, 221 ఆటలకి ఒకసారి వస్తుందన్నమాట. అంత మంచి చెయ్యి వచ్చింది కదా అని వాడు దాచుకున్నాడు, రెండు గింజలు మాత్రమే పెట్టి ఊరుకున్నాడు. అందరూ అలాగే రెండేసి పెట్టారు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన కుప్పలో, 12. అందరికీ కలిపి పరిచే ఐదు ముక్కల్లో మొదటి మూడు, అంటే ఫ్లాప్, తెరిస్తే ఆసు, తొమ్మిది, నాలుగు.

వాడి ముఖం చూడాలి అప్పుడు. ఎదురుగా ఉన్న మిత్రుడు 6 పెట్టాడు, వీడు చాలాసేపు ఆలోచించి కలిపాడు, తర్వాతి ముక్కకి మిగిలిన 12 కూడా పోయాయి. మిత్రుడి చేతిలో ఉన్నవి ఆసు, ఐదు. అతని ఆసుల జత వీడి రాజుల జతని కొట్టేసింది. "ముందే ఇరవై పెట్టి ఉంటే ఈ ముక్కలతో నేను వచ్చేవాణ్ణే కాదు" అన్నాడతను. "బావా, ఎక్కువ మందిని లోపలికి లాగితే పాట్ పెద్దదవుతుందనుకున్నా" అన్నాడు మావాడు.

వాడి ఆలోచనలో సగం నిజం ఉంది, అందుకే నేను దీని మీద ఇంతసేపు ఆగుతున్నాను. రెండు ఆసులు ఉన్నాయనుకోండి. ఏవో ముక్కలున్న ఒక్కడితో పోటీ అయితే నూటికి 85 సార్లు గెలుస్తాం, ఐదుగురితో అయితే 49 సార్లే. భయపెట్టే పతనమే, కానీ ఆరుగురూ ఇరవయ్యేసి పెడితే పాట్‌లో ఉండేది 120, అందులో 49 శాతం అంటే సగటున 59 గింజలు. ఒక్కడే వస్తే 40లో 85 శాతం, 34. అంటే ఎక్కువ మంది రావడం నష్టం కాదు. రెండేసి గింజలతో చవగ్గా రావడం నష్టం. వాళ్లకి ఫ్లాప్ చూసి నిర్ణయించుకునే హక్కు రెండు గింజలకే అమ్మేశాడు మావాడు. చేతిలో రెండు రాజులున్నప్పుడు ఫ్లాప్‌లో ఆసు పడే అవకాశం 22.5 శాతం. రెండు రాణులైతే ఆసో రాజో పడేది 41 శాతం. జాకీల జతకైతే అంతకన్నా పెద్ద ముక్క పడేది ఏకంగా 57 శాతం.

ఆ మిత్రుడు ఆసు, ఐదుతో ఇరవై పెట్టి వచ్చినా మనవాడిదే పైచేయి, నూటికి దాదాపు 70 సార్లు రాజులే గెలుస్తాయి. అదే ఆసు పడి ఓడిపోయేవాడేమో కూడా, ఒక్క ఆటని చూసి ఆట తీరుని తీర్పు చెప్పలేం.

కొంచెం కొంచెంగా పెంచితే? 6 పెట్టాడనుకుందాం. ఇంకొకడు ఆల్ ఇన్ అని తన ఇరవై గింజలూ పెట్టేస్తే, మనం మిగిలిన 14 పెట్టాలా, వదిలేయాలా? "మునిగినవాడికి చలేమిటి" అని చాలామంది పెట్టేస్తారు. పెట్టడం సరైందే కానీ కారణం అది కాదు, పోయిన 6 ఇక మనవి కావు. అప్పటికే పాట్‌లో మన 6, వాడి 20, బ్లైండ్లు 3, మొత్తం 29 ఉన్నాయి. 43లో 14 పెడుతున్నాం కాబట్టి మూడింట ఒకసారి గెలిచినా చాలు. మంచి చేతులన్నీ అంతకన్నా ఎక్కువే గెలుస్తాయి. ఆరు పెట్టినప్పుడే ఇరవై పెట్టినట్టు.

ఆసు, రాజు కలిసి వచ్చినప్పుడు ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఫ్లాప్‌లో ఆ రెండింట్లో ఒకదానికైనా జత పడేది 32 శాతమే, ఐదు ముక్కలూ చూస్తే దాదాపు 49. ముందే ఆల్ ఇన్ అన్నవాణ్ణి మధ్యలో ఎవరూ బెదిరించి లేపలేరు, వాడు ఐదూ చూస్తాడు. ఐదుల జతలాంటి చిన్న జతలది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ఫ్లాప్‌లో మూడో ఐదు పడేది ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి, పడినప్పుడు ఎదుటివాడి దగ్గర గుట్టగా గింజలుంటేనే ఆ ఎదురుచూపు గిట్టుబాటవుతుంది.

2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌ని 1,20,000 ఆటల్లో ఓడించింది. ప్రతి ఆటా పెద్ద బ్లైండుకి 200 రెట్ల స్టాక్‌తో మొదలయ్యేది, దానికి సూపర్ కంప్యూటర్ కావాల్సి వచ్చింది. అదే ఇద్దరి మధ్య పది రెట్లే ఉంటే ఆట దాదాపు రెండు మాటలకి కుదించుకుపోతుంది, పెట్టడం లేదా వదలడం. ఏ చేతికి ఏది చేయాలో మామూలు ల్యాప్‌టాప్ తేల్చేస్తుంది. గింజలు తక్కువైతే ఆట కష్టమవుతుందని అందరూ అనుకుంటారు, లెక్క మాత్రం తేలికవుతుంది.

పోయిన ఆదివారం మావాడి దగ్గర 18 గింజలున్నప్పుడు జాకీల జత వచ్చింది. ఈసారి ఆలోచించలేదు, పద్దెనిమిదీ ముందుకి తోశాడు. ఐదుగురూ ముక్కలు కింద పెట్టేశారు. వచ్చినవి బ్లైండ్లు మూడే. "ఇంత మంచి చేతికి మూడు గింజలేనా బావా" అని మొహం వేలాడేశాడు. ఆ మూడూ వాడి దోసిట్లో పోసి, ఉన్నదాంట్లో ఆరో వంతు ఒక్క ముక్కా తెరవకుండా వచ్చిందని లెక్కపెట్టి చూపించాను.