గాసమర్: గూడు కాని సాలెపోగు

ఆంగ్ల కవులు ఇష్టంగా వాడే గాసమర్ అనే మాట ఎదురైనప్పుడు సాలెగూడు అని రాసి సరిపెట్టుకోవడం తేలిక. కాని గూడు అనగానే ఒకచోట కదలకుండా ఉండి ఎరకోసం కాచుకునే వల మన కళ్లముందు నిలుస్తుంది. ధనుర్మాసపు ఉదయాన పొలంగట్ల మీద మంచుబొట్లతో మెరిసేది అటువంటిదే. గాసమర్ అది కాదు. ఉన్నచోటు విడిచి పోదలచిన సాలీడు గాలిలోకి వదిలే పట్టుపోగు అది. ఇంకా గాలిలో తేలుతున్నా, ప్రయాణం ముగిసి గడ్డిమీద పడి ఉన్నా దాని పేరు గాసమర్.

మధ్యయుగపు ఆంగ్లంలో, సుమారు 1300 నాటికే కనిపించే ఈ మాటను విడదీస్తే పెద్దబాతు, వేసవి అనే రెండు పదాలు వస్తాయి. ఐరోపాలో చలి ముదిరే ముందు, నవంబరు ప్రాంతంలో, కొద్దిరోజులు ఎండ కాస్తుంది. పెద్దబాతులను వండుకు తినే కాలమూ అదే, ఈ పోగులు గాలిలో విరివిగా కనిపించే కాలమూ అదే కనుక ఋతువు పేరే పోగుకు వచ్చిందని సాధారణంగా చెప్పే వివరణ. నాకు ఇది నమ్మదగినదిగానే తోస్తుంది, ఎందుకంటే జర్మన్ భాషలోనూ 'ముసలమ్మల వేసవి' అనే అర్థం గల ఒకే మాట ఆ ఎండరోజులకూ ఈ పోగులకూ చెల్లుతుంది. ఫ్రెంచివారు మాత్రం వీటిని కన్యమరియ దారాలు అన్నారు.

ఇంగ్లండులోని సెల్‌బోర్న్ గ్రామానికి చెందిన ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ 1741 సెప్టెంబరు 21న చూసినదాన్ని శ్రద్ధగా రాసి ఉంచాడు. తెల్లవారకముందే వేటకు బయలుదేరిన అతనికి కోసిన చేలన్నీ దట్టమైన పట్టుపొరతో కప్పి ఉండటం కనిపించింది; ఆ పొర కళ్లకు అడ్డుపడటంతో కుక్కలు ముందుకు సాగలేక, నేలమీద పడుకుని ముందుకాళ్లతో ముఖాలు గీక్కోవలసి వచ్చింది. ఉదయం తొమ్మిది గంటల వేళ మొదలై సాయంత్రం దాకా ఆకాశం నుంచి పట్టుతునకలు వానలా రాలుతూనే ఉన్నాయి. కొన్ని అంగుళం వెడల్పు, అయిదారు అంగుళాల పొడవు ఉన్నాయట. ఇవి చిన్న సాలీళ్ల పనే అని వైట్ స్పష్టంగా చెప్పాడు.

1832 నవంబరు 1న బీగిల్ ఓడ దక్షిణ అమెరికాలోని ప్లాటా నదీముఖం దగ్గర, తీరానికి 60 మైళ్ల దూరంలో ఉండగా దాని తాళ్లనిండా ఇవే పోగులు చిక్కుకున్నాయి. ఓడమీద వేలకొద్దీ చిన్న ఎర్రని సాలీళ్లు దిగాయని డార్విన్ నమోదు చేశాడు. ఒక్కొక్కటి అంగుళంలో పదోవంతు.

రెక్కలు లేని ప్రాణి ఇంతదూరం ఎలా వస్తుంది? సాలీడు గడ్డిపరక కొసకు ఎక్కి, కాళ్ల కొసలమీద నిలబడి, పొట్టను పైకెత్తి సన్నని పోగులను వదులుతుంది. అంత సన్నని దారానికి గాలి తేనెలా చిక్కగా తగులుతుంది కాబట్టి, నేల వేడెక్కి పైకి లేచే మెల్లని గాలి కూడా తేలికైన ఆ దేహాన్ని మోసుకుపోగలదు. అయితే గాలివేగం సెకనుకు 3 మీటర్లకు మించితే సాలీళ్లు సాధారణంగా బయలుదేరవు. దాదాపు నిశ్చలమైన గాలిలో అవి ఒక్కసారిగా పైకి లేవడం ఎలా సాధ్యమో చాలాకాలం అంతుపట్టలేదు.

2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎరికా మోర్లీ, డేనియల్ రాబర్ట్ చేసిన ప్రయోగం ఇందుకు కొంత జవాబిచ్చింది. నిర్మలమైన రోజున కూడా నేలకు పైన మీటరుకు సుమారు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుంది. గాలి కదలని పెట్టెలో సాలీళ్లను ఉంచి అటువంటి క్షేత్రాన్ని కల్పించగానే అవి కాళ్ల కొసలమీద లేచి పోగులు వదిలాయి. కొన్ని గాలిలోకి లేచాయి కూడా. క్షేత్రాన్ని ఆపగానే కిందికి జారాయి. వాటి కాళ్లమీది సన్నని రోమాలు విద్యుత్ క్షేత్రంలో కదులుతాయని కూడా తేలింది. ఆరుబయట గాలీ విద్యుత్తూ కలిసే పనిచేస్తాయి.

అందుచేత ఈ మాట వాడుకలో పలుచదనం ఒక్కటే చాలదు, తేలడం కూడా ఉండాలి. 1979లో మనిషి కాళ్లతో తొక్కుతూ ఇంగ్లిష్ చానల్ దాటించిన సుమారు 32 కిలోల విమానానికి గాసమర్ ఆల్బట్రాస్ అని పేరు పెట్టడం అందుకే అంత చక్కగా అమరింది. తెలుగులో దీనికి గాలిపోగు అంటే బాగుంటుందని నా అభిప్రాయం. సాలె అంటేనే నేతగాడు. పోగు కూడా మగ్గం మాటే. షేక్‌స్పియర్ కింగ్ లియర్ నాటకంలో, కొండకొమ్ము నుంచి దూకాననుకుంటున్న అంధుడైన గ్లౌస్టర్‌తో మారువేషంలో ఉన్న కొడుకు అనే మాటలో గాసమర్ ఉంది. అక్కడ సాలెగూడు అని పెడితే అర్థమే చెడుతుంది. 'నీవు గాలిపోగువో, ఈకవో, వట్టి గాలివో కాకపోతే, అంత ఎత్తు నుంచి పడి గుడ్డులా పగిలిపోయి ఉండేవాడివి' అంటే ఆ మాట నిలుస్తుంది.