ప్రమేయాలు, గ్రాఫులు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1ఏ పుస్తకం ఏళ్ల తరబడి ప్రమేయాల (ఫంక్షన్ల) అధ్యాయంతోనే మొదలవుతూ వచ్చింది. అమెరికా హైస్కూళ్లలో ఇంచుమించు ఇదే సరుకు ప్రీకాల్క్యులస్ పేరుతో చెబుతారు. అక్కడ గ్రాఫు ముందు, నిర్వచనం తర్వాత. మన దగ్గర అన్వేకం (వేర్వేరు విలువలకు వేర్వేరు జవాబులు), సంగ్రస్తం (సహప్రదేశంలోని ప్రతిదీ జవాబుగా రావడం), ద్విగుణం (ఆ రెండూ కలిసినది) అంటూ నిర్వచనాలు, పెద్ద మార్కుల నిరూపణలు ముందు నడుస్తాయి, గ్రాఫు పక్కన పడిపోతుంది. అందుకే సంయుక్త ప్రమేయపు విలోమం సిద్ధాంతాన్ని కళ్లు మూసుకుని రాసే పిల్లలు కూడా √(2ఎక్స్ − 6) గ్రాఫు ఎక్కడ మొదలవుతుందని అడిగితే నీళ్లు నములుతారు. అక్కడా ఇక్కడా తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ప్రమేయమంటే సూత్రం

ఈ అపోహ పెద్దవాళ్లకూ ఉండేది. ప్రమేయమంటే చలరాశితో, స్థిరరాశులతో కట్టిన సమాసమని 1748లో గణితవేత్త ఆయిలరే రాశాడు. 1829లో డిరిక్లే ఇంకో రకం ప్రమేయాన్ని చూపించాడు: అకరణీయ సంఖ్యలన్నిటి దగ్గరా ఒక విలువ, కరణీయ సంఖ్యలన్నిటి దగ్గరా మరో విలువ. దాని గ్రాఫు ఏ పెన్సిలుకూ లొంగదు. అయినా అది నిక్షేపంగా ప్రమేయమే.

ప్రమేయానికి కావలసినవి ప్రదేశం (ఎక్స్‌కు ఇవ్వగల విలువల సమితి), సహప్రదేశం (జవాబులు ఉండాల్సిన సమితి), ప్రదేశంలోని ప్రతి విలువకూ ఒకే ఒక్క జవాబు. సూత్రం ఆ జవాబు చెప్పే దారుల్లో ఒకటి, అంతే. వై = ఎక్స్² అని మాత్రమే రాస్తే పని సగమే అయింది. ఎక్స్ ఏ వాస్తవ సంఖ్యైనా కావచ్చంటే దానికి విలోమం (జవాబు నుంచి వెనక్కి ఎక్స్‌ను ఇచ్చే ప్రమేయం) ఉండదు, ఎందుకంటే 3కీ −3కీ 9 వస్తుంది. ఎక్స్ సున్నా గానీ ధన సంఖ్య గానీ అయి, సహప్రదేశమూ అదే అయితే √ఎక్స్ దాని విలోమం అవుతుంది. సూత్రం ఒక్కటే, ప్రమేయాలు రెండు.

(ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) దగ్గర జరిగే పొరపాటూ ఇదే. పైనా కిందా ఎక్స్ − 2 కొట్టేసి, ఎక్స్ + 2 సరళరేఖ గీసి వదిలేస్తారు. కొట్టేశాక కూడా 2 ప్రదేశంలోకి రాదు. ఆ రేఖ మీద (2, 4) దగ్గర చిన్న ఖాళీ సున్నా చుట్టాలి. ప్రదేశాన్ని కొట్టేయక ముందే రాసిపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

అపోహ: ముక్కలుగా ఇస్తే అవి వేర్వేరు ప్రమేయాలు, ముక్క మారిన ప్రతిచోటా గ్రాఫు తెగుతుంది

రెండూ తప్పే. దీనికి ఆదాయపు పన్నును మించిన ఉదాహరణ లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం 4 లక్షల వరకు సున్నా, 4 నుంచి 8 లక్షల భాగంపై 5 శాతం, 8 నుంచి 12 లక్షల భాగంపై 10 శాతం, 12 నుంచి 16 లక్షల భాగంపై 15 శాతం. స్లాబుల లెక్క మాత్రమే గీస్తే (8 లక్షలు, 20,000), (12 లక్షలు, 60,000), (16 లక్షలు, 1,20,000) బిందువుల గుండా పోయే విరిగిన గీత వస్తుంది. ఎక్కడా తెగదు. మారేది వాలు మాత్రమే: 0.05, తర్వాత 0.10, తర్వాత 0.15. "స్లాబు దాటితే మొత్తం జీతం మీద ఎక్కువ రేటు పడుతుంది" అనేవాళ్లు గ్రాఫులో లేని గెంతును ఊహించుకుంటున్నారన్నమాట.

నిజంగా గెంతు రావాల్సిన చోటు వేరే ఉంది. భారత్‌లో నివాసం ఉండేవారికి 12 లక్షల దాకా ఆ 60,000 రిబేటుగా పోతుంది కాబట్టి గ్రాఫు అక్కడి వరకూ ఎక్స్ అక్షం మీదే పడుకుని ఉంటుంది. ఒక్క రూపాయి దాటితే రిబేటు పోయి పన్ను అమాంతం 60,000కు ఎగరాలి. ఎగరకుండా మార్జినల్ రిలీఫ్ అడ్డుపడుతుంది: 12 లక్షలకు పైన ఎంత వచ్చిందో అంతకు మించి పన్ను ఉండకూడదు. అంటే (12 లక్షలు, 0) నుంచి వాలు 1 ఉన్న రేఖ లేస్తుంది. అది స్లాబు గీతను ఎక్కడ కలుస్తుంది? అదనపు ఆదాయాన్ని డి అనుకుంటే డి = 60,000 + 0.15డి. డి విలువ సుమారు 70,588. సెస్సు కలపని లెక్క ఇది. 12,00,000 నుంచి 12,70,588 దాకా పెరిగిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది, ఆపైన 16 లక్షల దాకా రూపాయికి 15 పైసలు. ఇన్ని ముక్కలున్నా ఇది ఒక్కటే ప్రమేయం, ఎందుకంటే ఒక ఆదాయానికి పన్ను ఒక్కటే.

అపోహ: వై = 5 ప్రమేయం కాదు, ఎందుకంటే అన్నిటికీ ఒకే జవాబు

నిలువు గీత పరీక్షనూ అడ్డ గీత పరీక్షనూ కలగాపులగం చేయడం వల్ల పుట్టిన అపోహ ఇది. నిలువు గీత గ్రాఫును రెండుచోట్ల తాకితే అది ప్రమేయమే కాదు. అడ్డ గీత రెండుచోట్ల తాకితే ప్రమేయమే, కాకపోతే అన్వేకం కాదు. వై = 5 మొదటి పరీక్ష గెలుస్తుంది, రెండోది ఓడుతుంది.

అపోహ: ఎఫ్(ఎక్స్ + 3) అంటే గ్రాఫు 3 కుడికి జరుగుతుంది

ఎడమకి జరుగుతుంది. "బ్రాకెట్లో తిరగబడుతుంది" అని బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ, కారణం తెలియకపోతే పక్క లెక్కలోనే బోల్తా పడతారు. పాత గ్రాఫులో 0 దగ్గర జరిగేది కొత్త గ్రాఫులో ఎక్స్ + 3 = 0 అయినప్పుడు, అంటే −3 దగ్గర జరుగుతుంది. ఎక్స్‌ను టైము అనుకోండి: 9 గంటలకు రావాల్సిన బండి 6కే వచ్చేసింది. బ్రాకెట్ బయట చేసిన మార్పు జవాబు మీద పడుతుంది కాబట్టి చూసినట్టే ఉంటుంది. లోపల చేసిన మార్పు ప్రశ్న మీద పడుతుంది.

అసలు గండం రెండు మార్పులు కలిసినప్పుడు. √(2ఎక్స్ − 6) తీసుకుందాం. చాలామంది చేసేది ఇది: 2 ఉంది కాబట్టి అడ్డంగా సగానికి నొక్కి, −6 ఉంది కాబట్టి 6 కుడికి జరుపుతారు. గ్రాఫు 6 దగ్గర మొదలవుతుంది. కానీ ఎక్స్ = 4 పెట్టి చూడండి, √2 వస్తుంది. 4 దగ్గర విలువ ఉన్నప్పుడు గ్రాఫు 6 దగ్గర మొదలెలా అవుతుంది?

సరైన దారులు రెండు. ముందు 6 కుడికి జరిపి, తర్వాత సగానికి నొక్కడం ఒకటి: మొదలు 0 నుంచి 6కు, 6 నుంచి 3కు వస్తుంది. నొక్కేటప్పుడు వై అక్షం నుంచి ప్రతి బిందువు దూరమూ సగమవుతుంది, జరిపిన 6 కూడా సగమైపోతుంది, కిటుకంతా అక్కడే. రెండోది, 2(ఎక్స్ − 3) అని విడదీసి రాసుకుని, ముందు నొక్కి తర్వాత 3 జరపడం.

ఏదీ గుర్తులేకపోతే బిందువులనే నమ్ముకోండి. √ఎక్స్ మీద తేలికైన బిందువులు (0, 0), (1, 1), (4, 2), (9, 3). 2ఎక్స్ − 6 వరుసగా 0, 1, 4, 9 కావాలంటే ఎక్స్ 3, 3.5, 5, 7.5 కావాలి. కొత్త బిందువులు (3, 0), (3.5, 1), (5, 2), (7.5, 3). వై విలువలు కదల్లేదు చూడండి. నాలుగు బిందువులు, రెండు నిమిషాల పని.

బయటి మార్పులకు ఈ తిరకాసు లేదు. 3ఎఫ్(ఎక్స్) + 2 అంటే ముందు మూడు రెట్లు సాగదీసి, తర్వాత 2 పైకి.

అపోహ: √(−ఎక్స్)కు గ్రాఫు లేదు, √(ఎక్స్²) అంటే ఎక్స్

మైనస్ గుర్తు కనబడగానే రుణ సంఖ్య అనుకోవడం మొదటి తప్పు. ఎక్స్ = −9 అయితే −ఎక్స్ = 9, వర్గమూలం 3. ఆ గ్రాఫు సున్నా దగ్గర మొదలై ఎడమకి పోతుంది. రెండో దాన్లో −3 పెట్టండి: వర్గం 9, వర్గమూలం 3, −3 కాదు. కాబట్టి √(ఎక్స్²) అంటే ఎక్స్ పరమ మూల్యం (మైనస్ గుర్తు తీసేసిన విలువ), గ్రాఫు గరాటు ఆకారంలో ఉంటుంది.

అపోహ: పైన −1 ఉంటే 1 కింద వేయాలి

సంఖ్య మీద −1 ఉంటే వ్యుత్క్రమం, అంటే 1ని ఆ సంఖ్యతో భాగించడం. ప్రమేయం పేరు మీద ఉంటే విలోమం. వై = 2ఎక్స్ + 6కు విలోమం (ఎక్స్ − 6)/2, 1/(2ఎక్స్ + 6) కాదు. గుర్తు ఒక్కటే కావడం పిల్లల తప్పేం కాదు, గణితం వాళ్లకు పెట్టిన తంటా. విలోమానికీ హద్దులున్నాయి: సైన్ 150° విలువ 1/2, దానికి విలోమ సైన్ తీస్తే 30° వస్తుంది, 150° రాదు. విలోమ సైన్ జవాబులు −90° నుంచి 90° మధ్యనే ఉండాలని నియమం.

విలోమం గ్రాఫు వై = ఎక్స్ గీతకు అద్దంలో బొమ్మ. రెండు అక్షాల మీదా ఒకే స్కేలు తీసుకోకపోతే కాగితం మీద ఆ అద్దం పనిచేయదు. ప్రమేయమూ దాని విలోమమూ ఆ గీత మీదే కలుస్తాయని చాలా గైడ్లలో ఉంటుంది. ఆరోహణ ప్రమేయాలకు అది నిజమే. −ఎక్స్³ తీసుకుంటే అది, దాని విలోమం (1, −1) దగ్గరా (−1, 1) దగ్గరా కూడా కలుస్తాయి. ఆ రెండూ గీత మీద లేవు.

అపోహ: అనంత స్పర్శరేఖను గ్రాఫు తాకదు

అనంత స్పర్శరేఖ (ఎసింటోట్) అంటే గ్రాఫు దూరం పోయేకొద్దీ చేరువయ్యే రేఖ. నిలువు రేఖల్లో మామూలు అకరణీయ ప్రమేయాలకు (బహుపదిని బహుపదితో భాగించినవాటికి) సరే. అడ్డ రేఖలకు కాదు. ఎక్స్/(ఎక్స్² + 1)కు ఎక్స్ అక్షమే అనంత స్పర్శరేఖ, గ్రాఫు మూలబిందువు దగ్గర దాన్ని దర్జాగా దాటుతుంది. అడ్డ రేఖ చెప్పేది ఎక్స్ చాలా పెద్దదైనప్పుడు ఏమవుతుందనే, మధ్యలో సంగతి కాదు. హారం సున్నా అయిన ప్రతిచోటా నిలువు రేఖ వేయడమూ తప్పే. పైన చూసిన (2, 4) దగ్గర వచ్చింది ఖాళీ మాత్రమే.

అపోహ: వేగంగా పెరిగితే ఘాతీయమే

ఎక్స్ ఒక్కో అడుగు పెరిగినప్పుడు విలువల నిష్పత్తి మారకుంటేనే ఘాతీయం: 3, 6, 12, 24 అలాంటివే. 1, 4, 9, 16 కావు. ఎక్స్‌కు పదో ఘాతం 2 నుంచి 58 దాకా 2కు ఎక్స్ ఘాతాన్ని వెనకే ఉంచుతుంది, 59 దగ్గర ఓడిపోతుంది. అక్కణ్నుంచి ఇక ఎప్పటికీ అందుకోలేదు.

అపోహ: ఐదు బిందువులు కలిపితే గ్రాఫు, యాప్ గీస్తే అది ఇంకా నికరం

ఎక్స్³ − ఎక్స్‌కు −2, −1, 0, 1, 2 పెడితే −6, 0, 0, 0, 6 వస్తాయి. స్కేలు పెట్టి కలిపితే మధ్యలో చదునైన గీత. −0.5 దగ్గర విలువ 0.375, 0.5 దగ్గర −0.375. ఒక గుట్ట, ఒక గుంత రెండూ మాయమైపోయాయన్నమాట. 1/ఎక్స్‌లో (−1, −1)ను (1, 1)తో కలిపేవాళ్లు సున్నా దగ్గర లేని విలువను సృష్టిస్తున్నారు. బిందువులు వేసే ముందు ప్రదేశం, అక్షాలను ఖండించే చోట్లు, హారం సున్నా అయ్యే చోట్లు రాసుకుని, ప్రతి రెండింటి మధ్యా ఒక్క విలువైనా చూడాలి.

యంత్రం కూడా లోపల చేసేది బిందువులు కలపడమే. పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు 1/ఎక్స్ లాంటివాటి రెండు కొమ్మల్నీ నిలువు గీతతో కలిపేసేవి. డిగ్రీల్లో సైన్ 361ఎక్స్ తీసుకుని ఎక్స్‌కు 0, 1, 2, 3 అంటూ పూర్ణాంకాలే ఇవ్వండి: ప్రతి జవాబూ సైన్ ఎక్స్ జవాబుతో సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే 360° చుట్టు తిరిగి అక్కడికే వస్తుంది. ఒక డిగ్రీ లోపలే అది ఒక పూర్తి అల కన్నా ఎక్కువ వేస్తున్నా, తెర మీద మాత్రం 360 డిగ్రీలకు ఒక్క అలే కనిపిస్తుంది. అర డిగ్రీ పెట్టి చూస్తే గానీ ఆ మోసం బయటపడదు.