రాత్రి డైవ్‌లో టార్చికి ముసిరే జీవులు: అపోహలు - వాస్తవాలు

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ నేర్పుతాను. పగలు ధైర్యంగా దూకేవారు కూడా రాత్రి డైవ్‌లో టార్చి వెలిగించగానే కంగారు పడతారు. ఆవగింజంత జీవులు, మెలికలు తిరిగే సన్నటి పురుగులు వచ్చి టార్చి అద్దానికి కొట్టుకుంటూ ఉంటాయి మరి. పడవ ఎక్కాక వాటి గురించి ఒక్కొక్కరిదీ ఒక్కో సిద్ధాంతం.

అపోహ: అదంతా నీటిలోని నలక.

నలక ప్రవాహంతో కొట్టుకుపోతుంది. ఇవి ఎదురీది మళ్లీ దీపం దగ్గరికే వస్తాయి. కోపిపాడ్లు, మైసిడ్లు అనే రొయ్య జాతికి దగ్గరి చిన్న జీవులు, పీతల లార్వాలు (పిల్ల దశ), సముద్రపు పురుగులు వీటిలో ఉంటాయి. కొన్ని పగలంతా ఇసుకలో దాక్కుని చీకటి పడ్డాక లేస్తాయి. మరికొన్ని రోజూ సాయంత్రం లోతుల నుంచి పైకి వచ్చి, తెల్లవారేసరికి దిగిపోతాయి.

అపోహ: వెలుతురంటే ఇష్టం, అందుకే వస్తాయి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం ఇదే. ప్లాటినెరీస్ అనే సముద్రపు పురుగు లార్వా కంటిలో ఉండేవి రెండే కణాలు. ఒకటి వెలుతురును పసిగడుతుంది, రెండోది ఒక పక్క నుంచి వచ్చే వెలుతురును అడ్డుకుంటుంది. ఆ కంటి నుంచి నరం నేరుగా ఈతకు పనికివచ్చే శైలికల (సన్నటి వెంట్రుకల్లాంటి భాగాల) దగ్గరికే వెళ్తుందని 2008లో శాస్త్రవేత్త గాస్పర్ యెకెలీ బృందం తేల్చింది. వెలుతురు పడిన వైపు శైలికల జోరు తగ్గుతుంది, లార్వా అటు తిరుగుతుంది. ఇష్టాయిష్టాల ప్రసక్తే లేదు. చుక్కాని మన టార్చి చేతికి చిక్కినట్టు. పైగా అన్నీ రావు. రాతి సందుల్లోని రొయ్యల కళ్లు ఎర్రగా మెరిసి, మరుక్షణం వెనక్కి జారుకుంటాయి.

అపోహ: ఎర్ర దీపం వాటికి కనిపించదు.

చాలావాటికి తక్కువగా కనిపిస్తుంది, అంతే. ఫొటోలు తీసేవారికి ముసురు కొంత తగ్గుతుంది.

అపోహ: చిన్న ప్రాణులు, ఏం చేస్తాయి?

కొన్ని కుడతాయి, కొన్ని కొరుకుతాయి. అసలు జాగ్రత్త పడవలసింది వాటి వెంట వచ్చేవాటితో. బాక్స్ జెల్లీఫిష్‌లలో కొన్ని దీపాల వైపు ఈదుకుంటూ వస్తాయి. అందుకే రాత్రి డైవ్‌కు ఒళ్లంతా కప్పే సూటు వేసుకోమంటాను. పడవ నిచ్చెన దగ్గర దీపం నీళ్లలోకి పెట్టుకుని తీరిగ్గా కబుర్లు చెప్పవద్దంటాను. బాక్స్ జెల్లీఫిష్ కుడితే ఆ చోట రుద్దకుండా వెనిగర్ పోయాలి. ఇంకా పేలని విషపు కణాలను అది ఆపుతుంది. అప్పటికే ఎక్కిన విషానికి, నొప్పికి అది మందు కాదు; ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అపోహ: చూస్తే పోయేదేముంది?

సన్ కోరల్ అనే పగడం రాత్రిపూట నారింజ రంగు చేతులు చాచుకుని ఉంటుంది. దాని పక్కన టార్చిని కాసేపు కదలకుండా పట్టుకోండి. గిరగిరా తిరుగుతున్న పురుగు ఒకటి ఆ చేతులకు తగిలి అతుక్కుపోతుంది, మెల్లగా నోటి వైపు ముడుచుకుపోతుంది. లయన్‌ఫిష్ అనే వేటాడే చేపకు ఈ కిటుకు బాగా తెలుసు. డైవర్ వెనకే వచ్చి, టార్చి పడిన చేపను గుటుక్కున మింగుతుంది. హవాయిలోని కోనా తీరంలో దీపాలకు ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే ఇలాంటి చిన్న జీవులు) మూగితే, దాన్ని తినడానికి మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు వస్తాయి. అదే అక్కడి పర్యాటక వ్యాపారం. ఇదే కిటుకుతో పెద్ద ఎత్తున చేపలు పట్టడం మొదలయ్యాక, మన దేశానికి చేపల వేట హక్కులున్న సముద్ర జలాల్లో (ఈఈజెడ్) ఎల్‌ఈడీ దీపాలతో వేటను కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. కాబట్టి దీపాన్ని ఒకే ప్రాణి మీద నిలిపి ఉంచకండి. నా మాట వినేది తక్కువమందే, ముఖ్యంగా కెమెరా చేతిలో ఉన్నవారు.

అపోహ: పున్నమి రాత్రి ఇంకా ఎక్కువ వస్తాయి.

సాధారణంగా తగ్గుతాయి. నీళ్లంతా వెన్నెల పరుచుకుంటే మన దీపం పట్టు సడలుతుంది. దీపపు బోనులతో చేపల లార్వాలను పట్టే పరిశోధకులకూ చీకటి రాత్రులే కలిసివస్తాయి. ఈ జీవులను చూడాలని అడిగేవారికి అమావాస్య దగ్గరి తేదీలు ఇస్తాను. మొదటిసారి రాత్రి దిగేవారికి మాత్రం పున్నమి దగ్గరివే.