నల్లగొండ ఫ్లోరైడు వేరు, రక్తంలోని ఫ్లోరిన్ వేరు

బేగంబజారులో దోశ పెనం కొనబోతూ మా పెద్దమ్మ అట్టపెట్టె మీద ‘పీఎఫ్ఓఏ లేదు’ అన్న ముద్ర చూపించి, అదేమిటని అడిగింది. ఫ్లోరిన్ ఉన్న ఒక రసాయనమని చెప్పాను. వెంటనే పెనం కింద పెట్టేసి, “మా నీళ్లలో ఉన్నదేనా?” అంది. ఆవిడది నల్లగొండ జిల్లా మర్రిగూడ. వంగిపోయిన కాళ్లు, మెడ తిప్పలేని మనుషుల మధ్య పెరిగింది. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

అది కాదని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఈ రెండు కథలూ ఒకచోట ముడిపడ్డాయి. రెండోది బయటపడింది మొదటిదాన్ని వెతుకుతుండగానే.

నీటి ఫ్లోరైడు మనకు పాత శత్రువు. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో దానివల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును 1937లో వైద్యులు నమోదు చేశారు. తరవాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దీన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడులో కొంత గంటల్లోనే మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లోకి చేరుతుంది. శరీరంలో ఉన్న ఫ్లోరైడులో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. అందుకే దెబ్బ కూడా అక్కడే కనిపిస్తుంది.

అమెరికాలోని రోచెస్టర్‌లో డొనాల్డ్ టేవ్స్ అనే శాస్త్రవేత్త మనిషి రక్తంలో ఈ ఫ్లోరైడునే కొలుస్తూ 1968లో ఒక విచిత్రం గమనించాడు. రక్తద్రవంలో ఫ్లోరిన్ రెండు రూపాల్లో ఉంది. రెండో రూపం మామూలు ఫ్లోరైడులా ప్రవర్తించడం లేదు. అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎటు కదిలితే అదీ అటే కదులుతోంది. 1976లో ఆయన, సహచరులు అయిదు నగరాల రక్తనిధుల నుంచి నమూనాలు తెచ్చి చూస్తే, ఆ రెండో రూపానికీ తాగునీటి ఫ్లోరైడుకూ పొంతన లేదు. దాని ఆనవాళ్లు పీఎఫ్ఓఏను పోలి ఉన్నాయి. 3ఎం కంపెనీ 1947 నుంచి తయారుచేస్తూ వచ్చిన పదార్థం అది. పెనాలకు అంటుకోని పూతగా వేసే టెఫ్లాన్ తయారీకి డ్యూపాంట్ కంపెనీ 1951 నుంచి దాన్ని కొంటూ వచ్చింది. ఆ కర్మాగారాల గడప కూడా తొక్కని జనం ఒంట్లోకి అది అప్పటికే చేరిపోయింది.

ఇది ఒంట్లో ఎందుకు తిష్ఠ వేస్తుంది? కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం చాలా బలమైనది. దాన్ని తెంచే ఎంజైము మన దగ్గర లేదు. చూడడానికి ఇది కొవ్వు ఆమ్లంలా ఉంటుంది కాబట్టి అల్బుమిన్ దాన్ని మోసుకు తిరుగుతుంది. కాలేయం పైత్యరసంతో పేగులోకి పంపితే, పేగు మళ్లీ పీల్చుకుంటుంది. మూత్రపిండం వడకట్టిన కొద్దిపాటి భాగాన్ని కూడా అక్కడి రవాణా ప్రోటీన్లు వెనక్కి లాగేస్తాయి. ఉపయోగపడే ఆమ్లాలు మూత్రంలో పోకుండా చూసే ఏర్పాటు అది. ఇక్కడ అదే మన పాలిట ఎదురుతిరిగింది.

ఆడ ఎలుక పీఎఫ్ఓఏను గంటల్లో విసర్జిస్తుంది, మగ ఎలుకకు రోజులు పడుతుంది. మనిషి సంగతి ఎలుకను చూసి చెప్పలేమని 2007లో వెలువడిన లెక్కలతో స్పష్టమైంది. ఈ రసాయనాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేసి విరమించిన 26 మంది కార్మికుల రక్తాన్ని కొన్నేళ్లపాటు పరీక్షిస్తే, మోతాదు సగానికి పడిపోవడానికి సగటున పీఎఫ్ఓఏకు 3.8 ఏళ్లు, అదే కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఎస్‌కు 5.4, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్‌కు 8.5 ఏళ్లు పట్టింది. అంటే కొత్తగా ఒక్క చుక్క లోపలికి పోకపోయినా, పీఎఫ్ఓఎస్ 40 పాళ్ల నుంచి 5 పాళ్లకు దిగడానికి 16 ఏళ్లు. ఈ కుటుంబంలో కార్బన్ గొలుసు పొట్టిగా ఉన్న రకాలు మాత్రం రోజుల్లో, వారాల్లో బయటికి పోతాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. నూనె పీల్చని కాగితాల్లో, మరకలు అంటని బట్టల్లో వాడే కొన్ని ఫ్లోరిన్ ఆల్కహాళ్లను కాలేయం విచ్ఛిన్నం చేస్తుంది. కానీ ఫ్లోరిన్ లేని కొస వరకే. మిగిలిన ముక్కల్లో కొంత పీఎఫ్ఓఏగా మారుతుంది. విషాన్ని విరిచేయాల్సిన అవయవమే విరగని విషాన్ని తయారుచేస్తోంది. అలాంటప్పుడు పెట్టె మీది ఆ ముద్ర ఎంతవరకు భరోసా ఇస్తుంది?

ఏళ్ల తరబడి నశించని విషరసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో తన జాబితాలో చేర్చింది. 2023 చివర్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్ఓఏను క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. టేవ్స్ దాన్ని రక్తంలో గమనించి అప్పటికి 55 ఏళ్లు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పలేదు. ఇది ఎముకలో కూర్చోదు, రక్తంలో తిరుగుతుందని మాత్రం చెప్పాను. పూత పెచ్చులు పొరపాటున మింగినా అవి ఒంటికి పట్టకుండానే బయటికి పోతాయని, పెనాన్ని ఖాళీగా మంట మీద మరిచిపోతే వచ్చే పొగే ప్రమాదమని కూడా చెప్పాను. “మరి రక్తంలోది ఎలా పోతుంది?” అని అడిగింది.

మూత్రంలో, మలంలో మెల్లగా పోతుంది. నెలసరిలో కొంత పోతుంది. గర్భంలో ఉన్న బిడ్డకు మాయ గుండా, పుట్టాక పాల గుండా చేరుతుంది. అలా తల్లికి తగ్గేది బిడ్డకు వెళ్లడం వల్లే. అయినా తల్లిపాలు మానవద్దనే వైద్యులు చెబుతారు. ఆస్ట్రేలియాలో, మంటలార్పే నురగ ద్వారా ఈ రసాయనాల బారిన పడ్డ 285 మంది అగ్నిమాపక సిబ్బందిపై ఏడాదిపాటు జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. రక్తదానం చేసినవారిలో పీఎఫ్ఓఎస్ తగ్గింది. ప్లాస్మా, అంటే రక్తద్రవం మాత్రమే ఇచ్చినవారిలో ఇంకా ఎక్కువ తగ్గింది. రక్తం 12 వారాలకు ఒకసారి తీస్తే, ప్లాస్మా 6 వారాలకే తీశారు. పైగా అల్బుమిన్ ఉండేది ప్లాస్మాలోనే.