మూడేళ్ల పిల్లలకు బడి తలుపు తెరుచుకోవడానికి ఎందుకంత కాలం పట్టింది

బిడ్డకు మూడేళ్లు నిండుతున్నా మాట రాలేదని, నిలబడితే తూలిపోతున్నాడని తల్లిదండ్రులు వెళ్లి అడిగితే చాలాకాలం వినిపించిన జవాబు ఒకటే: "బడి ఈడు రానివ్వండి, అప్పుడు చూద్దాం." వైకల్యం బడి ఈడు వచ్చేదాకా ఆగదు. మాట, నడక, ఎదుటివారి కళ్లలోకి చూడటం, తోటివారితో కలిసి ఆడటం కుదురుకునేది ఆ తొలి ఏళ్లలోనే. ఈ రోజు అమెరికాలో మూడేళ్లు నిండిన వికలాంగ బాలలకు ప్రత్యేక విద్య చట్టం ఇచ్చిన హక్కు. దానివల్ల మేలు జరుగుతుందని చెప్పే ఆధారం మాత్రం, హక్కు రావడానికి దాదాపు యాభై ఏళ్ల ముందే అచ్చయి ఉంది. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ మధ్య కాలమే.

ఆలోచన ఇంకా పాతది. 1800లో ఫ్రాన్స్‌లోని అవేరాన్ ప్రాంతపు అడవుల్లో దొరికిన, మాటలు రాని బాలుడికి జాన్ ఇటార్ అనే వైద్యుడు సుమారు ఐదేళ్లు ఓపికగా చదువు చెప్పాడు. ఆ అబ్బాయికి అప్పటికే పదేళ్లు దాటాయి. కొన్ని పదాలు గుర్తుపట్టగలిగాడు కానీ మాట్లాడలేకపోయాడు. ఇటార్ బాటలో నడిచిన ఎడువార్ సెగాన్ ఇంద్రియాల ద్వారా నేర్పే పద్ధతులను తీర్చిదిద్దాడు. మరియా మాంటిస్సోరి వాటినే తీసుకుని మొదట రోములో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేసి, ఆ తర్వాతే 1907లో మామూలు పిల్లల కోసం తన బాలల గృహం తెరిచింది. అంటే ప్రపంచమంతా పాకిన ఒక శిశువిద్యా పద్ధతి పుట్టింది వికలాంగ బాలల దగ్గర. అలాంటి బడుల్లో వారికే దశాబ్దాల పాటు చోటు దొరకలేదు.

అసలైన మలుపు 1930లలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వచ్చింది. డావెన్‌పోర్ట్‌లోని అనాథాశ్రమంలో పిల్లలు ఎక్కువ, ఎత్తుకునే చేతులు తక్కువ. పసిపిల్లల మంచాలకు పక్కల గుడ్డలు కట్టేవారు. పడుకున్న బిడ్డకు పైకప్పు తప్ప మరేమీ కనిపించేది కాదు. ఆడుకోవడానికి బొమ్మ లేదు, పలకరించే గొంతు లేదు. పాలు పట్టడానికో గుడ్డలు మార్చడానికో ఎవరైనా వస్తే అదే వాళ్లకు తెలిసిన లోకం. 13, 16 నెలల వయసున్న ఇద్దరు ఆడపిల్లలు అక్కడ ఆరేడు నెలల పసికందుల్లా ఉండేవారు. తెలివిని అంకెల్లో కొలిచే ఐక్యూ పరీక్షలో ఒకరికి 46, మరొకరికి 35 వచ్చింది. వీళ్లను ఎవరూ దత్తత తీసుకోరని తేల్చి, బుద్ధిమాంద్యం ఉందని ముద్ర పడిన స్త్రీలు ఉండే మరో ప్రభుత్వ సంస్థకు పంపేశారు.

ఆరు నెలల తర్వాత హెరాల్డ్ స్కీల్స్ అనే మనస్తత్వవేత్త ఆ సంస్థకు వెళ్తే, చురుగ్గా పరుగులు తీస్తూ నవ్వుతూ ఇద్దరు పిల్లలు ఎదురయ్యారు. ఆ ఇద్దరే వీళ్లని నమ్మడం ఆయనకు కష్టమైంది. మందు లేదు, చికిత్స లేదు. అక్కడి స్త్రీలు ఆ పిల్లలను తలా ఒకరు తమ బిడ్డగా చేసుకున్నారు. ఎత్తుకున్నారు, మాట్లాడించారు, ఆడించారు. ఉద్యోగినులు సెలవు రోజుల్లో తమతో బయటికి తీసుకెళ్లారు, బొమ్మలూ పుస్తకాలూ కొనిచ్చారు. తెలివి లేదని సమాజం పక్కన పెట్టిన స్త్రీలే ఆ పిల్లలకు తొలి గురువులయ్యారు. వారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. ఉండాల్సింది.

స్కీల్స్, ఆయన సహచరుడు హెరాల్డ్ డై దీన్ని మరింత మందితో పరిశీలించి 1939లో ప్రచురించారు. మూడేళ్లలోపు 13 మంది పిల్లలను అలాంటి సంస్థల్లో స్త్రీల మధ్య ఉంచితే, వారి సగటు ఐక్యూ 64 నుంచి 92కు పెరిగింది. అనాథాశ్రమంలోనే ఉండిపోయిన 12 మందిది 87 నుంచి 61కి పడిపోయింది. మొదట్లో ముందున్నది ఈ రెండో బృందమేనని గమనించండి. తెలివి పుట్టుకతోనే ఖరారవుతుందని నమ్మిన నాటి పండితులు ఈ లెక్కలను తీవ్రంగా తప్పుపట్టారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, పరిశోధన మూలన పడింది.

స్కీల్స్ ఆ పిల్లలను మరచిపోలేదు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని 1966లో ఫలితం వెల్లడించాడు. 13 మందీ తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు, వారి చదువు సగటున 12వ తరగతి దాకా సాగింది. రెండో బృందం చదువు మూడో తరగతి కూడా దాటలేదు. వారిలో ఒకరు సంస్థలోనే చనిపోయారు, నలుగురు ఇంకా సంస్థల్లోనే ఉన్నారు. 1968లో స్కీల్స్‌కు పురస్కారం ఇచ్చినప్పుడు వేదిక మీద దాన్ని ఆయన చేతికి అందించింది ఆ 13 మందిలో ఒకరు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అయోవా పిల్లల్లో చాలామందిని వెనక్కి నెట్టింది ఆదరణ లేకపోవడం. డౌన్ సిండ్రోమ్, కండరాల కదలిక అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ, చెవుడు ఎంత తొందరగా పని మొదలుపెట్టినా మాయమైపోవు. దాహమైతే చెప్పగలగడం, చెంచా పట్టుకోగలగడం, పక్కవాడి చేతిలోని బంతిని అడిగి తీసుకోగలగడం మాత్రం నేర్పించవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ అదే పని కష్టమవుతుంది.

1968లోనే అమెరికా కాంగ్రెస్ చిన్న వయసు వికలాంగ బాలల కోసమే ఒక చట్టం తెచ్చి, ప్రయోగాత్మక కేంద్రాలకు డబ్బు ఇచ్చింది. వాటిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్ అనే చిన్న పట్టణంలో 1969లో మొదలైన పథకం దేశదేశాలకు వెళ్లింది. చుట్టుపక్కలవన్నీ పల్లెలు, ఇళ్లు దూరదూరం. అందుకే పిల్లలను బడికి రప్పించకుండా టీచరే వారానికోసారి ఇంటికి వెళ్లేది. పుట్టిన నాటి నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు నేర్చుకునే 580 చిన్న చిన్న పనుల పట్టిక ఆమె దగ్గర ఉండేది. గ్లాసుతో నీళ్లు తాగడం అనే ఒక్క పనిని ముక్కలు చేసేవారు: టీచరు చేయి బిడ్డ చేతి మీద పూర్తిగా ఉంచి తాగించడం, తర్వాత మణికట్టు దగ్గర కాస్త ఆసరా, ఆ తర్వాత మోచేతి దగ్గర ఒక్క స్పర్శ, చివరికి ఏమీ లేకుండా. తల్లి చూసి నేర్చుకుని వారమంతా చేయించేది. మరుసటి వారం టీచరు వచ్చి చూసి, వచ్చినదాని పక్కన గుర్తు పెట్టేది.

1972 నుంచి పేద పిల్లల ప్రీస్కూలు పథకమైన హెడ్ స్టార్ట్‌లో కనీసం 10 శాతం చోట్లు వికలాంగ బాలలకు కేటాయించాలన్న నిబంధన వచ్చింది. 1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ వికలాంగ బాలలందరికీ ఉచిత విద్య కల్పించే చట్టం మీద సంతకం చేశాడు. దేశంలో 80 లక్షలకు పైగా వికలాంగ బాలలున్నారని, వారిలో 10 లక్షల మంది ప్రభుత్వ బడుల బయటే ఉన్నారని ఆ చట్టమే రాసుకుంది. అది గొప్ప చట్టం. అయితే మూడు నుంచి ఐదేళ్ల పిల్లల విషయంలో ఒక మెలిక పెట్టారు: రాష్ట్రంలోని చట్టానికో ఆనవాయితీకో విరుద్ధమైతే వారికి చదువు చెప్పనక్కర్లేదు. ఆ వయసు పిల్లలకు బడే నడపని రాష్ట్రాలు నిశ్చింతగా ఊరుకున్నాయి. ఒక్కో బిడ్డకు 300 డాలర్ల వరకు ప్రోత్సాహకం ఇస్తామన్నా కదలిక అంతంతమాత్రమే.

ఆ మెలిక విప్పడానికి మరో 11 ఏళ్లు పట్టింది. 1986 అక్టోబరు 8న వచ్చిన సవరణ, మూడేళ్ల పిల్లలకూ సేవలు అందించకపోతే ప్రీస్కూలు నిధులు ఆపేస్తామని గడువు పెట్టింది. 1990ల మొదటి ఏళ్లకల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. మూడేళ్లలోపు పసివారికి ఇంటి దగ్గరే సేవలందించే కార్యక్రమానికి పునాది పడింది కూడా ఆ సవరణతోనే. 1991లో మరో మంచి మార్పు వచ్చింది. మూడేళ్ల బిడ్డకు ఫలానా వైకల్యమని పేరు పెట్టకుండా, ఎదుగుదలలో ఆలస్యం అనే కారణం మీదే సేవలు ఇవ్వవచ్చన్నారు. ఆ వయసులో మాట రాకపోవడానికి కారణం వినికిడా, ఆటిజమా, మరేదైనానా అన్నది వెంటనే తేలదు. పేరు తేలేదాకా ఆగితే ఏడాది పోతుంది.

నేటి చిక్కులు చాలావరకు ఈ చరిత్ర మిగిల్చినవే. మూడో పుట్టినరోజున బిడ్డ ఒక వ్యవస్థ నుంచి మరో వ్యవస్థలోకి మారాలి. అప్పటిదాకా ఇంటికొచ్చిన థెరపిస్టు ఆగిపోతుంది, కుటుంబం మొత్తానికి వేసిన ప్రణాళిక స్థానంలో బడి రాసే ప్రణాళిక వస్తుంది. పుట్టినరోజు వేసవి సెలవుల్లో పడితే, సేవలు ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది ఆ ప్రణాళిక రాసే బృందమే. రెండోది, వికలాంగ బాలలు వీలైనంతవరకు తోటి పిల్లలతో కలిసే చదవాలని చట్టం అంటుంది. మామూలు పిల్లలకు మూడేళ్లకే ప్రభుత్వ బడి లేనిచోట ఆ తోటి పిల్లలు ఎక్కడుంటారు? అందుకే విడి తరగతులు పెరిగాయి. ఈనాటికీ ఆ వయసు పిల్లల్లో సగానికి తక్కువ మందికే మామూలు ప్రీస్కూలు గదిలో ఎక్కువ సేవలు అందుతున్నాయి.

ఇక డబ్బు. ఈ వయసు పిల్లల కోసం కేంద్రం ఇచ్చే ప్రత్యేక నిధి 2001లో 39 కోట్ల డాలర్లు, 2023లో 42 కోట్ల డాలర్లు. ఆ రెండు దశాబ్దాల్లో ధరలూ జీతాలూ ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. సేవలందుకునే పిల్లలు సుమారు 6 లక్షల నుంచి 8 లక్షలు దాటారు. పెరిగిన భారమంతా రాష్ట్రాల మీద, స్థానిక బడుల మీద పడింది. అక్కడ డబ్బు చాలనప్పుడు కోత పడేది, ఇప్పుడిప్పుడే రెండు పదాలు కలిపి పలుకుతున్న బిడ్డకు వారంలో దొరికే ఆ కాసిని స్పీచ్ థెరపీ నిమిషాల మీదే.