మిగిలిన గుడ్డ ముక్కలతో పండగ కానుకలు: అపోహలు - వాస్తవాలు

దసరా మొదలుకొని సంక్రాంతి దాకా హైదరాబాద్ దర్జీ దుకాణాల్లో జాకెట్టు ముక్కలు, అస్తరు పీలికలు, చీర అంచులు సంచులకొద్దీ మిగులుతాయి. వాటితో గుమ్మాలకు తోరణాలు, పేరంటానికి తాంబూలం సంచులు, బంధువులకు దిండు గలీబులు కుట్టాలన్న కోరిక మెచ్చుకోదగినదే. అయితే కుట్టు నేర్పే నాకు తరచుగా వినిపించే కొన్ని నమ్మకాల వల్ల మంచి పోచంపల్లి ముక్కలు సైతం మొదటి ఉతుకుకే పాడవుతున్నాయి కనుక వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ముక్కలు చిన్నవే కనుక ఏ గుడ్డనైనా దేనితోనైనా కలిపి కుట్టవచ్చు.

వాస్తవం: ఉతకని నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దాదాపు అలాగే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన కుట్టిన గలీబు కొత్తలో నునుపుగా కనబడినా, ఉతికాక కుట్టు వెంబడి ముడతలు పడుతుంది. అందుకే నూలు ముక్కలను ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే కత్తిరించాలి. గుడ్డ రకం చూపుకు తెలియకపోతే రెండు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకొని, నీళ్లున్న పళ్లెం మీద వెలిగించి చూడాలి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మిశ్రమ నేతలో రెండు లక్షణాలూ కనిపించవచ్చు; అటువంటి ముక్కను నేను ఉతికే వస్తువుల్లో వాడను.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: ఇది అన్నిటికంటే గట్టిగా నాటుకున్న నమ్మకం. నూలుకు అద్దకం వేసేటప్పుడు ఉప్పు వాడే మాట నిజమే. అది నీళ్లలోని రంగు పోగులోకి చేరడానికి సాయపడుతుంది. కానీ అద్దకం పూర్తయి బజారుకు వచ్చిన గుడ్డలో పోగుకు సరిగా అంటని రంగును ఉప్పు నిలపలేదు. ముదురు ఎరుపు, నీలం ముక్కలను విడిగా తీసి, ఒక్కొక్కదాన్ని తెల్ల గుడ్డ పీలికతో కలిపి గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచి చూడండి. తెల్లది మరకపడితే ఆ ముక్కను నీళ్లు స్పష్టంగా వచ్చేదాకా జాడించాలి. అప్పటికీ రంగు వదులుతుంటే, ఎంత అందంగా ఉన్నా, దాన్ని ఉతకనవసరం లేని గోడ అలంకరణకే కేటాయించడం మంచిది.

అపోహ: ముక్కలతో కుడితే ఖర్చే ఉండదు.

వాస్తవం: జిప్పు, దారం, ఫ్యూజింగ్ (గుడ్డ బిగుతుగా నిలవడానికి వెనక ఇస్త్రీతో అతికించే పొర) కోసం సికింద్రాబాద్ జనరల్ బజారుకు వెళ్లక తప్పదు. గుడ్డ కూడా అనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది. 16 అంగుళాల గలీబు ముందు భాగాన్ని ఒకే గుడ్డతో కుడితే, చుట్టూ పావు అంగుళం వదలడంతో కలిపి సుమారు 272 చదరపు అంగుళాలు చాలు. అదే 4 అంగుళాల గళ్లు 16 కలిపి కుడితే, ఒక్కో ముక్కను నాలుగున్నర అంగుళాలకు కత్తిరించాలి కనుక 324 చదరపు అంగుళాలు కావాలి. ఒకటిన్నర అంగుళం ముక్కలో సగానికి పైగా కుట్టు లోపలికే పోతుంది.

అపోహ: పీలికలన్నీ బొమ్మల్లో కూరవచ్చు.

వాస్తవం: కూరితే గడ్డలు కడతాయి, సన్నగా తరిగితే సూదుల దిండుకు పనికివస్తాయి. మూడేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మకు గుండీలు, పూసలు ఊడి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక కళ్లు, ముక్కు దారంతోనే కుట్టాలి.

అపోహ: తోరణం కుట్టడానికి కొలతలు, పోగు దిశ అక్కర్లేదు.

వాస్తవం: మూడడుగుల గుమ్మానికి 6 అంగుళాల వెడల్పున్న ఆరు ఆకులు సరిపోతాయి. వాటిని పట్టే పట్టీని ఏటవాలుగా కత్తిరిస్తే కొన్నాళ్లకే సాగి మధ్యలో వేలాడుతుంది కాబట్టి పడుగు దిశలోనే, అంటే గుడ్డ పొడవునా సాగే పోగుల వెంబడే తీయాలి. ఆకును తిరగేసే ముందు వంపు దగ్గర కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెడితే అంచు చక్కగా తిరుగుతుంది. దీపావళికి ప్రమిదలు పెట్టే గుమ్మానికైతే తోరణం మంటకు అందనంత ఎత్తులో ఉండాలి. నూలు అంటుకుంటుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది.