అమెరికాలో ఇంగ్లిష్ పీహెచ్‌డీ: మీ స్కోర్లు కాదు, మీ రాత చదువుతాం

సెప్టెంబర్ వచ్చిందంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. గుంటూరు నుంచి, వరంగల్ నుంచి, ఒక్కోసారి డల్లాస్‌లో స్థిరపడిన బాబాయిల నుంచి. "అమ్మా, మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ ఫస్ట్ క్లాస్. ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది వచ్చింది. జీఆర్‌ఈలో ఎంత తెచ్చుకుంటే పీహెచ్‌డీ సీటు వస్తుంది?" నేను ఇక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చెబుతాను. అడ్మిషన్ కమిటీలో కూర్చుని అప్లికేషన్లు చదివాను. ఈ ప్రశ్నకి ఫోన్లలో విడివిడిగా చెప్పేదంతా ఒకచోట పెడితే, కనీసం ఈ ఏడాది అప్లై చేసేవాళ్లకైనా డబ్బూ టైమూ మిగులుతాయి.

అపోహ: ఇంగ్లిష్ ఎంత బాగా వస్తే, స్కోర్లు ఎంత ఎక్కువుంటే సీటు అంత ఖాయం.

మనవాళ్లని అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్నది ఇదే.

టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ సినిమా హాలు గేటు దగ్గర చూపించే టికెట్ లాంటివి. యూనివర్సిటీ పెట్టిన కనీస స్కోరు దాటారా లేదా, అంతే. దాటాక మా కమిటీలో దాని గురించి మాట్లాడుకున్నది లేదు. ఎనిమిది వచ్చినవాళ్లని ఏడున్నర వచ్చినవాళ్ల కంటే పైన పెట్టం. ఇక జీఆర్‌ఈ. ఇంగ్లిష్ సాహిత్యానికి విడిగా ఒక సబ్జెక్ట్ టెస్ట్ ఉండేది, దాన్ని జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ సంస్థ 2021లోనే ఎత్తేసింది. దాని పాత పుస్తకాలు కొనుక్కుని చదువుతున్న పిల్లలు ఇప్పటికీ కనిపిస్తున్నారు. జనరల్ జీఆర్‌ఈని కూడా చాలా ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. కొన్ని "ఇష్టమైతే పంపండి" అంటాయి, కొన్ని పంపినా చూడమని రాసే పెట్టాయి. అయినా ఎంఎస్‌కి వెళ్లే అన్నయ్య చేశాడు కాబట్టి ఇంగ్లిష్ పీహెచ్‌డీకి వెళ్లే చెల్లెలు కూడా ఆరు నెలలు కోచింగ్‌లో కూర్చుంటోంది. ఆ ఆరు నెలల్లో చెయ్యాల్సిన అసలు పని అలాగే ఉండిపోతోంది.

ఆ పని పేరు రైటింగ్ శాంపిల్.

అంటే మీరు రాసిన ఒక విమర్శ వ్యాసం. చాలాచోట్ల పదిహేను నుంచి పాతిక పేజీలు, డబుల్ స్పేసింగ్‌లో అడుగుతారు. కచ్చితమైన నిడివి ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కోలా ఉంటుంది, అది మీరే చూసుకోవాలి. ఫైల్ తెరవగానే నేను స్టేట్‌మెంట్ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసుకునే పత్రం) చదువుతాను, మార్కులు ఒకసారి చూస్తాను, తర్వాత శాంపిల్‌కి వెళ్తాను. ఫైల్‌ని పక్కన పెట్టాలో, పై రౌండ్‌కి పంపాలో తేలేది అక్కడే. మన ఫైళ్లు ఎక్కువగా పోయేదీ అక్కడే.

ఎలా పోతాయో దగ్గరగా చూపిస్తాను. రాజారావు రాసిన 'కాంతాపుర' 1938 నాటి నవల, మన ఎంఏ క్లాసుల్లో తెలిసిందే. దాని మీద వచ్చే శాంపిళ్లు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. మొదటి రెండు పేజీలు రచయిత పుట్టుక, చదువు, అవార్డులు. తర్వాత భారతీయ ఆంగ్ల సాహిత్యానికి మూలస్తంభాలైన ముగ్గురి ప్రస్తావన. ఆపైన గాంధీ ప్రభావం మీద ఒక పేజీ. అక్కణ్నుంచి కథ, కథ, కథ. చివర్లో "ఈ విధంగా రచయిత గాంధేయ భావాలను అద్భుతంగా చిత్రించారు" అని ముగింపు. గ్రామర్‌లో వేలు పెట్టి చూపించడానికి ఒక్క తప్పుండదు. కానీ ఇరవై పేజీల్లో ఎవరైనా "అబ్బే, నేనొప్పుకోను" అనడానికి ఒక్క వాక్యం కూడా ఉండదు. అంటే ఆ పిల్లవాడు ఏదీ వాదించలేదు.

అదే నవలని ఇంకో వైపు నుంచి పట్టుకోండి. కథ చెప్పేది అచ్చక్క, ఒక బ్రాహ్మణ ముసలావిడ. "మేము" అంటూ ఊరందరి తరఫునా మాట్లాడుతుంది. గాంధీ బాట పట్టిన బ్రాహ్మణ కుర్రాడు మూర్తి, ఈ నవల నాయకుడు, దళితవాడలో రాచన్న ఇంట్లోకి వెళ్లే ఘట్టం గుర్తుందా? లోపల అతని తడబాటు, ఇచ్చిన పాలు పెదవులకి ఆనించి గ్లాసు కింద పెట్టేయడం, అన్నీ మనకి అచ్చక్క మాటల్లోనే తెలుస్తాయి. కానీ ఆ ఇంటి గడప ఆవిడ తొక్కదు. మరి లోపల జరిగింది, అందులోనూ మూర్తి ఒంట్లో పుట్టిన వణుకు, ఆవిడ ఎలా చెబుతోంది? ఆవిడ అంటున్న "మేము"లో రాచన్న ఇంటివాళ్లు ఉన్నారా? అందరి గొంతూ తనదే అనుకునే ఆ కథనం ఎవరి గొంతు మీద కూర్చుంది? ఇక్కడ మొదలుపెట్టి ఇరవై పేజీలు రాస్తే, ఇంగ్లిష్ కాస్త గరుగ్గా ఉన్నా, ఎ, ది లాంటి ఆర్టికల్స్ అక్కడక్కడా తప్పినా, కమిటీలో ఎవరో ఒకరు "ఈ ఫైల్ పక్కన పెట్టకండి" అంటారు. నేనైతే అంటాను. వాక్యాలు దిద్దడం మేం నేర్పగలం. ప్రశ్న వెయ్యడం వచ్చినవాళ్ల కోసమే ఈ వెతుకులాటంతా.

అందుకే కన్సల్టెన్సీకి డబ్బు కట్టి, లేదా చాట్‌బాట్‌కి ఇచ్చి "పాలిష్" చేయించుకుంటున్న పిల్లల్ని చూస్తే నాకు కోపం కంటే బాధ ఎక్కువ. వాక్యాలన్నీ తళతళలాడుతుంటాయి, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పిల్లవాడి సొంత ప్రశ్న ఏదైనా ఉండి ఉంటే అది కూడా ఆ తోముడులో అరిగిపోతుంది. అసలు చాలా యూనివర్సిటీలు ఇది మీ సొంత రచన అని మీచేత సంతకం చేయించుకుంటాయి. ఆ సంతకాన్ని తేలిగ్గా తీసుకోకండి.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? ఎంఏలో మీరు రాసిన టర్మ్ పేపర్లు, డిసర్టేషన్ బయటికి తియ్యండి. డిసర్టేషన్ మొదటి చాప్టర్‌ని కత్తిరించి పంపొద్దు. అందులో ఉండేది పరిచయమే. మధ్యలో ఎక్కడో మీరు ఒక సన్నివేశం మీదో, ఒక పేరా మీదో ఆగి పట్టుగా రాసిన నాలుగైదు పేజీలు ఉంటాయి. వాటిని పట్టుకుని, వాటి చుట్టూ కొత్తగా కట్టండి. అదే విషయం మీద ముందు రాసిన విమర్శకులు ఏమన్నారో చదివి, వాళ్లతో ఎక్కడ ఒప్పుకుంటారో, ఎక్కడ విడిపోతారో చెప్పండి. విమర్శకుణ్ని మీ మాటకి సాక్షిగా నిలబెట్టి వదిలేయడం చాలదు, అతనితో మాట్లాడాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) లైబ్రరీ, ఉస్మానియా క్యాంపస్‌లో ఓయూసీఐపీ (ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్) లైబ్రరీ దగ్గరే. 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలైంది ఆ రెండోదే. ఊళ్లో ఉన్నవాళ్లు పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకుంటే నెలకి కొన్ని వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదట్నుంచి జనవరి దాకా ఉంటాయి. అంటే శాంపిల్ పని వేసవిలోనే మొదలవ్వాలి.

స్టేట్‌మెంట్ కూడా ఇదే కోవలోది. "చిన్నప్పుడు మా తాతగారి పుస్తకాల బీరువా" అని మొదలైతే నేను నేరుగా రెండో పేరాకి దూకేస్తాను. మీకు సాహిత్యమంటే ప్రేమ అని మాకు తెలుసు, లేకపోతే ఈ దారిలోకి ఎందుకొస్తారు? ఏ కాలం, ఏ రచనలు, ఏ ప్రశ్న, ఆ ప్రశ్నని ఇక్కడున్న ఎవరితో కలిసి వెతకాలనుకుంటున్నారు, ఇవి చెప్పండి. మా పేర్లు రాసేముందు మేం ఇప్పుడు దేని మీద పని చేస్తున్నామో ఒకసారి చూడండి. రిటైరైపోయినవాళ్ల పేరు రాసిన స్టేట్‌మెంట్లు కూడా వస్తుంటాయి.

అపోహ: ముందు లోన్ తీసుకుని అక్కడ ఎంఏ చేస్తేనే పీహెచ్‌డీ ఇస్తారు.

మొన్నామధ్య ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కూతురికి ఎంఏలో అడ్మిషన్ వచ్చింది, ఫీజు మాఫీ లేదు, స్టైపెండ్ లేదు. పిల్ల పెళ్లికని ఉంచిన ప్లాటు అమ్మేద్దామని బేరం పెట్టారట. "ఇది చేస్తే తర్వాత పీహెచ్‌డీ వాళ్లే ఇస్తారని చెప్పారమ్మా" అన్నారు. ఎవరు చెప్పారంటే, ఆ కాలేజీలో అడ్మిషన్ ఇప్పించిన కన్సల్టెన్సీ వాళ్లే. ఆయన గొంతులో ఉన్న నమ్మకం విని నాకు కాసేపు మాట రాలేదు. నెమ్మదిగా చెప్పాను. మీ అమ్మాయికి ఇండియాలో ఎంఏ ఉంది, నేరుగా పీహెచ్‌డీకే అప్లై చెయ్యొచ్చు. ఇక్కడ చాలా ప్రోగ్రాములు డిగ్రీ నుంచే పీహెచ్‌డీలోకి తీసుకుంటాయి, మధ్యలో ఎంఏ దానంతటదే వస్తుంది. మంచి పీహెచ్‌డీ ఆఫర్‌లో ఫీజు మాఫీ, స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటాయి, బదులుగా మీరు డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి రైటింగ్ క్లాసులు చెప్పాలి. ఎంఏ మాత్రమే కావాలన్నా, టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే స్టేట్ యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి, వాటికోసం వెతకాలి. ఆయన ప్లాటు అమ్మలేదు. అమ్మాయి మరుసటి ఏడాదికి శాంపిల్ తిరగరాస్తోంది.

ఇంగ్లిష్ పీహెచ్‌డీకి అప్పు చెయ్యకండి. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, పన్నెండు నెలలే. ఎంఎస్ వాళ్లకి ఉండే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోర్సుల) పొడిగింపు మనకి లేదు. ప్రొఫెసర్ ఉద్యోగాలూ తగ్గిపోతున్నాయి. నెలనెలా వాయిదా కట్టాల్సిన పరిస్థితిలో ఆ చివరి సంవత్సరాలు చాలా కష్టంగా గడుస్తాయి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకోవాల్సిన విషయం కాబట్టి చెబుతున్నాను. ఎంఏ లేకుండా మూడేళ్ల డిగ్రీతోనే పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్లు మాత్రం ఒక్కో యూనివర్సిటీ రూల్ చూసుకోవాలి, కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకి రాదు.

ఇది విన్న ప్రతిసారీ నాకు మంట. టెన్త్ దాకా ఎక్కడ చదివారో మీ ఫైల్లో అడిగే గడే ఉండదు. పైగా చాలా పీహెచ్‌డీ ప్రోగ్రాముల్లో ఇంకో భాష చదవగలగాలని నియమం ఉంది. దానికి తెలుగు ఒప్పుకుంటారా అని డిపార్ట్‌మెంట్‌ని అడగండి. అనువాదం, పోస్ట్‌కలోనియల్ (వలస పాలన చూసిన దేశాల) సాహిత్యం మీద పనిచేసేవాళ్లకి మీ తెలుగు నేరుగా పనికొస్తుంది. దాన్ని స్టేట్‌మెంట్‌లో దాచకండి.

మిగతావి గబగబా.

సిఫార్సు లేఖలు హెచ్‌ఓడీ గారివైతేనే బరువు అనుకుంటారు. మీకు క్లాసు చెప్పని హెచ్‌ఓడీ రాసే "సిన్సియర్, హార్డ్ వర్కింగ్" ఉత్తరం కంటే, మీ పేపర్ చదివి దాని గురించి నాలుగు మాటలు చెప్పగల గెస్ట్ ఫ్యాకల్టీ ఉత్తరం మేలు. సాధారణంగా మూడు కావాలి, రెండు నెలల ముందే అడగండి. మూడూ మీరే రాసి సంతకాలు పెట్టించకండి. మూడు ఉత్తరాల్లోనూ ఒకే చెయ్యి ఉంటే మాకు తెలిసిపోతుంది.

ఇంగ్లిష్ అంటే అంతా ఒకటే కాదు. మీ ఆసక్తి భాషాబోధన అయితే అప్లైడ్ లింగ్విస్టిక్స్, టీసోల్ (ఇతర భాషలవాళ్లకి ఇంగ్లిష్ నేర్పడం), లేదా రెటరిక్ అండ్ కంపోజిషన్ (రాయడం నేర్పడం) ప్రోగ్రాములు చూడండి. కవిత్వం, కథలు రాయాలని ఉంటే ఎంఎఫ్‌ఏ (క్రియేటివ్ రైటింగ్ డిగ్రీ). ఈఎల్‌టీ (ఇంగ్లిష్ భాషాబోధన) డిసర్టేషన్‌తో సాహిత్యం పీహెచ్‌డీకి వచ్చే ఫైళ్లు, ఎంత బాగున్నా మా చేతుల్లో ఏమీ కావు.

ఇరవై చోట్ల వేస్తే ఎక్కడో ఒకచోట తగులుతుందన్న లెక్క కూడా ఇక్కడ పనిచెయ్యదు. అప్లికేషన్ ఫీజు ఒక్కోచోట డెబ్బై అయిదు నుంచి వంద డాలర్ల దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మీ ప్రశ్నకి సరిపడే మనుషులున్న ఎనిమిదింటికి జాగ్రత్తగా వెయ్యండి. ఫీజు మినహాయింపు ఉందేమో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఒక మెయిల్ పెట్టండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ ఏడాది అసలు కొత్తవాళ్లని తీసుకుంటున్నారో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. బోస్టన్ యూనివర్సిటీ 2025-26కి ఇంగ్లిష్‌తో పాటు పలు హ్యుమానిటీస్, సోషల్ సైన్స్ పీహెచ్‌డీల్లో అడ్మిషన్లు ఆపేసింది. ఇలాంటివి మీ సీనియర్‌కి తెలియకపోవచ్చు, వాట్సాప్ గ్రూపుకి అసలే తెలియదు.

ఒకసారి రిజెక్ట్ అయితే పేరు బ్లాక్‌లిస్ట్‌లో పడుతుందని ఒక పుకారు. అలాంటి లిస్టు ఏదీ లేదు. చాలా డిపార్ట్‌మెంట్లు ఏడాదికి పదిమందికి అటూ ఇటూగా తీసుకుంటాయి. ఆ ఏడాది మీ రంగంలో గైడ్ సెలవులో ఉన్నా, కిందటేడు మీ రంగంలోనే, ఉదాహరణకి విక్టోరియన్ కాలపు సాహిత్యంలో, ఇద్దర్ని తీసుకుని ఉన్నా, మంచి ఫైల్ కూడా ఆగిపోతుంది. జనవరి నుంచి రోజుకి పదిసార్లు మెయిల్ చూసుకుంటూ నిద్రలేకుండా గడిపే పిల్లలకి ఇంకో మాట: చాలా యూనివర్సిటీల్లో ఫండింగ్ ఆఫర్‌కి జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువుంటుంది, వెయిట్‌లిస్ట్ ఎక్కువగా ఆ చివరి రోజుల్లోనే కదులుతుంది. మార్చిలో కబురు లేదంటే కథ అయిపోయినట్టు కాదు. రెండోసారి అప్లై చేసినవాళ్లని మేం తక్కువగా చూడం. శాంపిల్ మాత్రం పాతదే పంపకండి.